డిస్కు మొత్తం ఒకేసారి పంచేయకండి

4 టీబీ డిస్కు, 40 మంది యూజర్లు, తలా 100 జీబీ ఇస్తే లెక్క సరిపోతుంది కదా అని అడిగారు. వద్దండి. ఇలాంటి లినక్స్ సర్వర్‌నే కొన్నేళ్లు చూసుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

కోటా పెట్టినంత మాత్రాన ఆ యూజర్ పేరు మీద చోటు పక్కకు తీసిపెట్టినట్టు కాదు. ఇది దాటొద్దని గీసిన గీత మాత్రమే. అందరూ ఒకేసారి ఆ గీత దాకా రారు.

మొదట్లో నేను సాఫ్ట్ లిమిట్ (కొన్నాళ్లు దాటనిచ్చే గీత), హార్డ్ లిమిట్ (అస్సలు దాటనివ్వని గీత) రెండూ 50 జీబీ దగ్గరే పెట్టాను. మా దగ్గర ఒకావిడ సర్వర్‌లో పెట్టిన ప్రోగ్రామ్ జాబ్ మూడు రోజులు నడిచి, తీరా ఫలితాలు రాసే చోట ఆగిపోయింది. లాగ్ చివరి వరుసలో 'డిస్క్ కోటా ఎక్సీడెడ్'. ఫోల్డర్‌లో ఫైలు పేరు ఉంది, సైజు సున్నా. ఐనోడ్ లిమిట్ (ఎన్ని ఫైళ్లు ఉండొచ్చనే లెక్క) మిగిలే ఉంది కాబట్టి ఫైలు పుట్టింది, బ్లాక్ లిమిట్ (ఎంత చోటు వాడొచ్చనే లెక్క) నిండింది కాబట్టి లోపల ఏమీ పడలేదు. మూడు రోజుల పని పోయింది. అది నాకు చాలా బాధగా అనిపించింది.

అప్పటి నుంచి సాఫ్ట్ 50, హార్డ్ 70. సాఫ్ట్ దాటినా, మనం మార్చకపోతే 7 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది, ఆలోపు హార్డ్ లిమిట్ దాకా రాసుకోవచ్చు. గడువు ముగిస్తే మాత్రం సాఫ్ట్ లిమిటే గోడలా అడ్డం పడుతుంది. బ్యాచ్ జాబ్‌లు నడిపేవాళ్లు టెర్మినల్ చూడరు, అందుకే హెచ్చరిక పంపే వార్న్‌కోటా కమాండ్‌ను రోజూ క్రాన్‌లో (పనుల్ని వేళకు తనంతట తానే నడిపే సదుపాయం) నడిపి మెయిల్ వెళ్లేలా చేయండి.

మీ 40 మందికి ఇవే అంకెలు వేస్తే సాఫ్ట్ మొత్తం 2 టీబీ, హార్డ్ మొత్తం 2.8 టీబీ. అందరూ హార్డ్ దాకా రారు కాబట్టి హోమ్‌కు (యూజర్ల సొంత ఫోల్డర్లుండే భాగం) 2.5 టీబీ చాలు. మిగతాది ఎల్‌వీఎం (డిస్కు చోటును కావలసినట్టు భాగాలుగా పంచే సదుపాయం) వాల్యూమ్ గ్రూప్‌లో, అంటే దాని ఉమ్మడి నిల్వలో, ఎవరికీ ఇవ్వకుండా ఉంచండి. అవసరం పడ్డ రోజు భాగాన్ని పెంచే ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్‌కు చిన్న బడి 'ఆర్' ఆప్షన్ ఇస్తే ఫైల్‌సిస్టమ్ కూడా తనతో పాటే పెరుగుతుంది, యూజర్లను లాగౌట్ చేయించక్కర్లేదు. వెనక్కి తీసుకోవడమే కష్టం. ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ రకమైతే అలా కుదించలేం, ఈఎక్స్‌టీ4 రకమైతే అన్‌మౌంట్ చేయాలి (వాడకం నుంచి తప్పించాలి).

ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటు రూట్ (అడ్మిన్ ఖాతా) కోసం ఆపుకుంటుంది. 2.5 టీబీలో అది 125 జీబీ. హోమ్‌కు అంత అనవసరం, ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండ్‌తో నేను 1 శాతానికి తగ్గించాను.

కోటా లెక్క ఫోల్డర్‌ను బట్టి కాదు, ఫైలు ఓనర్‌ను బట్టి. ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టిన ఫైళ్లు కూడా, అదే ఫైల్‌సిస్టమ్ మీద ఉంటే, పెట్టినవాళ్ల ఖాతాలోనే పడతాయి. "నా హోమ్‌లో ఏమీ లేదు, అయినా నిండిందంటోంది" అని ఎవరైనా వస్తే ముందు అక్కడ వెతకండి. ఫోల్డర్‌కు లిమిట్ కావాలంటే ప్రాజెక్ట్ కోటా వాడాలి.

అంకెలు ఇప్పుడే ఖాయం చేయకండి. కోటా ఆన్ చేసి లిమిట్లు సున్నా దగ్గరే వదిలేయండి. సున్నా అంటే హద్దు లేదని, వాడకం లెక్క మాత్రం నడుస్తుంది. ఒక నెల రెప్‌కోటా (ఎవరు ఎంత వాడారో చూపే కమాండ్) చూసి, ఎవరికి నిజంగా ఎంత కావాలో తెలిశాక సెట్‌కోటా కమాండ్‌తో లిమిట్లు వేయండి.