రెడీమేడ్ టూల్ ఉండగా ప్రోగ్రామర్లు సొంతంగా ఎందుకు రాసుకుంటారు?

ఉన్న టూల్ మన పనికి ముప్పాతిక వంతే సరిపోతుంది. తలనొప్పంతా మిగిలిన పావులోనే. ఒడిశాలో మా బరంపురం చీరల కొట్ల ఖాతాలే చూడండి. పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో. కంప్యూటర్ ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో ఒడియా ముందు, తెలుగు తర్వాత. అందుకని పేర్లను వరసలో పెట్టే మామూలు సార్టింగ్‌లో ఒడియా పేర్లన్నీ పైకెళ్తాయి. ‘జగన్నాథ’ రెండు లిపుల్లో ఎక్కితే ఒక్క మనిషి బాకీ ఇద్దరి పేర్ల మీద చీలిపోతుంది. నిజానికి ఒడియా ‘క’ సంఖ్యకు 256 కలిపితే తెలుగు ‘క’ వస్తుంది. చాలా అక్షరాలకు ఇదే లెక్క. రెండు లిపుల పేర్లనూ ఒకటిగా చూడ్డానికి నాలుగు లైన్ల చిన్న ప్రోగ్రామ్ చాలు. దానికోసం ఏ కంపెనీని బతిమాలతాం?

రెండో కారణం, పరాధీనం. కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే బిట్‌కీపర్ అనే టూల్ ఉచిత వాడకం ఆగిపోవడంతో, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అదే పనికి 2005లో గిట్ మొదలుపెట్టాడు. 2016లో జావాస్క్రిప్ట్ ప్రోగ్రామర్లు రెడీమేడ్ కోడ్ తెచ్చుకునే ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీ తీసేస్తే, దాని మీద ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టులు తయారు కాకుండా ఆగిపోయాయి.

ఇక ఊరికే సరదాకి రాసేవాళ్లూ తక్కువేం కాదు. ఇంకొకరి కోడ్ చదవడం కంటే సొంతంగా రాయడమే హాయి మరి! సమాచారాన్ని రహస్యంగా మార్చే ఎన్‌క్రిప్షన్ జోలికి మాత్రం అలా వెళ్లకండి, అక్కడ పదిమంది పరీక్షించిన రెడీమేడ్ కోడే (లైబ్రరీయే) వాడాలి.