రాత్రి రైలు ఫోటోకి షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలి?

30 సెకన్లు పెడితే ఇంజిన్ లైటుకి ఫోటో అంతా తెల్లబడిపోతోంది, 5 సెకన్లు పెడితే కదిలే బండి దీపాలు ఫోటోలో గీసే వెలుగు గీతలు మధ్యలోనే తెగిపోతున్నాయి, సరైన సెట్టింగ్ ఏది అని అడిగారు. ఎక్కడైనా పనికొచ్చే సెట్టింగ్ అంటూ ఒకటి లేదండీ. నేనైతే కెమెరా జోలికి వెళ్లేముందు బండి లెక్క చూసుకుంటాను.

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. మీ ఫ్రేములో 100 మీటర్ల పట్టాలు కనిపిస్తున్నాయి, బండి పొడవు 400 మీటర్లు అనుకుందాం. ఇంజిన్ ఫ్రేములోకి వచ్చిన దగ్గర్నుంచి చివరి పెట్టె బయటికి పోయేదాకా అది 500 మీటర్లు నడవాలి, అంటే 30 సెకన్లు. అదే బండి స్టేషన్ దగ్గర వేగం సగానికి తగ్గిస్తే నిమిషం పడుతుంది. చాలా కెమెరాల్లో మామూలు షట్టర్ 30 సెకన్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి బల్బ్ మోడ్ (బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉండేది), కెమెరాని ముట్టుకోకుండా నొక్కడానికి ఒక రిమోట్ తప్పనిసరి. ముందు వెళ్లే బండిని ఊరికే వదిలేసి ఫోన్‌లో టైమ్ చూసుకుంటే ఈ లెక్కలు కూడా అక్కర్లేదు.

ఇక వెలుగు సంగతి. బండి పూర్తిగా దాటిపోయాక షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచినా గీతల వెలుగు పెరగదు. పెరిగేది ఆకాశం, పట్టాలు, చుట్టూ ఉన్న చెట్లది. అందుకే గీతల్ని అపర్చర్‌తో (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం), వెనకదృశ్యాన్ని టైమ్‌తో సరిచేసుకోవాలి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, అపర్చర్ ఎఫ్ 8తో మొదలుపెట్టండి. కిటికీల గీతలు మరీ తెల్లగా మండిపోతే ఎఫ్ 11కి, అంటే ఇంకా చిన్న రంధ్రానికి వెళ్లండి. చుట్టుపక్కల చీకటిగా ఉంటే బండి వెళ్లిపోయాక ఇంకో పది, ఇరవై సెకన్లు ఆగి మూయండి. ఈ ముక్క అర్థమయ్యాక నాకు సగం టెన్షన్ పోయింది.

మీ అసలు తలనొప్పి హెడ్‌లైట్. బండి మీ నుంచి దూరంగా పోయే వైపు తీస్తే ఎర్రటి టెయిల్ ల్యాంప్ గీత మాత్రమే మిగులుతుంది, అది అందంగానే ఉంటుంది. ఎదురుగా వచ్చేదే కావాలంటే మలుపుకి లోపలి వైపు చోటు చూసుకోండి. హెడ్‌లైట్ వెలుగు మలుపు బయటి వైపుకి పోతుంది, మీ మీద నేరుగా పడేది తక్కువ. అదీ కుదరకపోతే షట్టర్ తెరిచి, లెన్స్‌కి తగలకుండా నల్లటి అట్టముక్క అడ్డం పెట్టి, ఇంజిన్ దాటగానే తీసేయండి. లెన్స్ మీద యూవీ ఫిల్టర్ ఉంటే విప్పేయండి, ఫోటోలో అక్కడక్కడా తేలే ఆకుపచ్చ మచ్చలు చాలావరకు దాని పుణ్యమే.

నా ఫోటో ఒకదాంట్లో ఒకే సిగ్నల్ మీద ఆకుపచ్చ, ఎరుపు రెండూ వెలుగుతుంటాయి. చూసినవాళ్లంతా ఎడిటింగ్ అనుకుంటారు. ఇంజిన్ దాటగానే, వెనక ఇంకో బండి రాకుండా సిగ్నల్ ఎరుపుకి మారింది. అప్పటికే షట్టర్ తెరిచి ఉంది, దీపాలు ఒకదాని కింద ఒకటి విడివిడిగా ఉన్నాయి, అందుకని రెండూ పడ్డాయి. ఇలాంటిది కావాలంటే బండి రాకముందే షట్టర్ తెరవాలి.

గూడ్స్ బండితో మాత్రం ఇదంతా పనిచేయదు. వ్యాగన్లకి దీపాలుండవు కాబట్టి కదిలే నల్లటి మసకే మిగులుతుంది. సూర్యాస్తమయం అయిన అరగంటలోపు, ఆకాశంలో ఇంకా నీలం ఉండగా తీస్తే కాస్త ఆకారం వస్తుంది. 1950ల చివర్లో అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్ అనే ఆయన ఆవిరి ఇంజిన్లని రాత్రిపూట వరసగా పెట్టిన ఫ్లాష్ బల్బులతో తీశాడు. అది రైల్వే కంపెనీ సహకారంతో చేసిన పని. మనం మాత్రం ఫ్లాష్ జోలికి పోకూడదు, లోకో పైలట్ కళ్లు చెదురుతాయి. అలాగే పట్టాల మీదకి దిగొద్దు, అనుమతి ఉన్న చోటి నుంచే తీయండి.

ట్రైపాడ్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద పెట్టకండి, కింద బండి వెళ్తుంటే అది ఊగుతుంది. ఫోకస్ దూరంగా ఉన్న సిగ్నల్ దీపం మీద పెట్టి మాన్యువల్‌కి మార్చేయండి. చేతి వణుకుని సరిచేసే లెన్స్ స్టెబిలైజేషన్ ఆపేయండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువసేపు తీసిన ఫోటోలో చుక్కలు తగ్గించేది) కూడా ఆపడం నయం. అది ఆన్‌లో ఉంటే నిమిషం ఫోటోకి కెమెరా ఇంకో నిమిషం పని చేసుకుంటూ కూర్చుంటుంది, ఈలోగా పక్క లైన్లో బండి వచ్చి వెళ్లిపోతుంది.