హరిత విద్యుత్తు, పునరుత్పాదక విద్యుత్తు ఒకటేనా?

సందేహం: ఒకే వార్తలో ‘హరిత విద్యుత్తు’, ‘పునరుత్పాదక విద్యుత్తు’, ‘స్వచ్ఛ విద్యుత్తు’ అని మార్చి మార్చి రాస్తున్నారు. ఇవి పర్యాయపదాలేనా? అణువిద్యుత్తును హరిత విద్యుత్తు అనవచ్చునా? ‘పునర్వినియోగ ఇంధనం’ అన్న ప్రయోగం సరైనదేనా? (ఒక అనువాదకురాలు)

సమాధానం: మీ చివరి ప్రశ్నకు జవాబు సులువు కనుక ముందు దాన్ని చూద్దాం. పునర్వినియోగం అంటే ఒకసారి వాడినదాన్ని మళ్లీ వాడటం. సౌరఫలకంపై ఈరోజు పడిన ఎండను మళ్లీ వాడుకోవడం లేదు. రేపు వేరే ఎండ కాస్తుంది. కాబట్టి ఈ అర్థంలో ‘పునర్వినియోగ ఇంధనం’ తప్పు ప్రయోగమే. ‘పునరుత్పాదక’ సంధిరీత్యా నిర్దుష్టం. ఉత్పాదకమంటే పుట్టించేది కదా, మళ్లీ మళ్లీ పుట్టేదానికి ‘పునరుత్పాద్య’ అనడం న్యాయం కదా అని వ్యాకరణం తెలిసినవారు అడగవచ్చు. వారి మాటలో నిజం లేకపోలేదు గాని, పత్రికల్లోను, ప్రభుత్వ పత్రాల్లోను ‘పునరుత్పాదక’ స్థిరపడిపోయింది. దాన్ని ఇప్పుడు కదపనక్కరలేదు. పిల్లల కోసం రాసేటప్పుడు ‘తరగని వనరులు’ అనడం నాకు మరీ ఇష్టం.

ఇక అసలు ప్రశ్న. ఇవి పర్యాయపదాలు కావు. ‘పునరుత్పాదక’ అన్నది వనరు స్వభావాన్ని చెప్పే మాట: ప్రకృతిలో తిరిగి తిరిగి సమకూరే వనరు అని దాని అర్థం. ‘స్వచ్ఛ’ అన్నది ఉత్పత్తి వేళ వెలువడే కాలుష్యానికి సంబంధించినది. ‘హరిత’ అన్నది ఒక ప్రభుత్వమో, చట్టమో వేసే ముద్ర. ఆ ముద్ర దేనిపై పడుతుందన్నది చోటును బట్టి మారుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పరిభాషలో హరిత విద్యుత్తు పునరుత్పాదక విద్యుత్తులో ఒక భాగం మాత్రమే. సౌర, పవన, భూతాప విద్యుత్తులతో పాటు పర్యావరణానికి తక్కువ హాని చేసే చిన్న జలవిద్యుత్తు అందులో చేరుతుంది గాని, పెద్ద ఆనకట్టల విద్యుత్తు చేరదు. అదే దేశంలోని ఒహాయో రాష్ట్రం 2023 జనవరిలో ఆమోదించిన చట్టంలో సహజవాయువుతో తీసే విద్యుత్తును కూడా హరిత శక్తిగా నిర్వచించింది. అంటే ఒకచోట హరితం పునరుత్పాదకం కన్నా ఇరుకైన మాట, మరొకచోట దాన్ని దాటి శిలాజ ఇంధనాన్ని సైతం కలుపుకొన్న మాట. అటువంటప్పుడు ఒకదాని బదులు మరొకటి వాడితే వార్త అర్థమే తారుమారవుతుంది.

మన దగ్గరి ఉదాహరణ శ్రీశైలం. ఎడమగట్టు కేంద్రం స్థాపిత సామర్థ్యం 900 మెగావాట్లు. ఆ టర్బైన్లను తిప్పేది మొదటినుంచీ కృష్ణ నీరే. అయినా మన దేశంలో చాలాకాలం 25 మెగావాట్ల వరకు ఉన్న జలవిద్యుత్తునే పునరుత్పాదకం కింద లెక్కించేవారు. పెద్ద జలవిద్యుత్తును కూడా పునరుత్పాదకంగా కేంద్రం ప్రకటించింది 2019 మార్చిలో. కనుక 2015 నాటి నివేదికను అనువదిస్తూ అందులోని పునరుత్పాదక విద్యుత్తు లెక్కలో శ్రీశైలం కూడా ఉందనే భావన కలిగేలా రాస్తే పొరపాటు. కాలిఫోర్నియాలో విద్యుత్తు సంస్థలు తప్పనిసరిగా అందుకోవాల్సిన పునరుత్పాదక కోటా కింద లెక్కకు వచ్చే జలవిద్యుత్తుకు సాధారణంగా పరిమితి 30 మెగావాట్లు. అందుకే అక్కడి 2018 నాటి చట్టం 2045 లక్ష్యాన్ని చెబుతూ పునరుత్పాదక వనరులను, కర్బన ఉద్గారాలు లేని వనరులను పక్కపక్కనే వేర్వేరుగా పేర్కొంది. అనువాదంలో ఈ రెండింటినీ కలిపి ‘హరిత’ అనేస్తే చట్టం జాగ్రత్తగా పెట్టిన తేడా పోతుంది.

2022 జూన్‌లో మన కేంద్రం తెచ్చిన హరిత శక్తి ఓపెన్ యాక్సెస్ (వినియోగదారు తనకు నచ్చిన ఉత్పత్తిదారు నుంచి నేరుగా విద్యుత్తు కొనుక్కునే వెసులుబాటు) నియమాలు కూడా ‘హరిత’కు సొంత నిర్వచనం ఇచ్చుకున్నాయి. జలవిద్యుత్తు అందులో ఉంది. నిల్వచేసిన విద్యుత్తు కూడా ఉంది, అయితే ఆ నిల్వకు పునరుత్పాదక విద్యుత్తును వాడి ఉండాలి. నీటిని దిగువ నుంచి పైకి ఎత్తిపోసి, అవసరమైన వేళ మళ్లీ కిందికి వదిలి విద్యుత్తు తీసే కేంద్రాన్ని తీసుకోండి. ఎత్తిపోతకు సౌరవిద్యుత్తు వాడితే ఒక పేరు, బొగ్గు విద్యుత్తు వాడితే మరొక పేరు. నీరు అదే, యంత్రం అదే.

అణువిద్యుత్తు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఐరోపా సమాఖ్య పునరుత్పాదక శక్తి ఆదేశం గాలి, ఎండ, భూతాపం, అలలు, జలశక్తి, జీవద్రవ్యం మొదలైనవాటిని పేరుపేరునా చెప్పింది. అందులో అణుశక్తి లేదు. పెట్టుబడుల కోసం అదే సమాఖ్య చేసిన వర్గీకరణలో మాత్రం అణువిద్యుత్తుకు, సహజవాయువుకు 2023 నుంచి షరతులతో చోటు దక్కింది. ‘అణువిద్యుత్తు పునరుత్పాదకమే: ఐరోపా’ అని ఎవరైనా శీర్షిక పెడితే అది అబద్ధం. ఆ వర్గీకరణ చెప్పింది సుస్థిర పెట్టుబడి గురించి, వనరు స్వభావం గురించి కాదు.

మన దేశంలో ఈ చోట సరిపోయే మాట ‘శిలాజేతర’, అంటే బొగ్గు, చమురు, సహజవాయువు కానిది. 2025 జూన్ నాటికి స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయిందని కేంద్రం ప్రకటించింది. పెద్ద జలవిద్యుత్తుతో పాటు అణువిద్యుత్తు కూడా ఆ సగంలో ఉంది. అణువిద్యుత్తు వాటా రెండు శాతం లోపే గాని, దాన్ని తీసేస్తే లెక్క సగానికి అందదు. ఇటువంటి వార్తలో ‘శిలాజేతర’ బదులు ‘పునరుత్పాదక’ అని రాయడం శైలి కోసం మాట మార్చడం కాదు, అంకెనే తప్పు చెప్పడం. పైగా అది ఉత్పత్తి సామర్థ్యం లెక్క. ఏడాది పొడవునా నిజంగా ఉత్పత్తి అయిన విద్యుత్తులో వాటా వేరు.

కాబట్టి మీరు అనువదిస్తున్న పత్రం ఏ మాట వాడిందో దానికి సమానమైన మాటనే చివరిదాకా నిలపండి. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోందన్న సంకోచం సాంకేతిక రచనలో అక్కరలేదు. పెన్సిల్వేనియా 2004 నాటి చట్టంలో బొగ్గు గనుల వ్యర్థంతో తీసే విద్యుత్తుకు కూడా చోటిచ్చింది గాని, తన జాబితాను ‘ప్రత్యామ్నాయ’ శక్తి అనే పిలిచింది. తెలుగులోనూ ‘ప్రత్యామ్నాయ’ అనే రాయాలి. చట్టం ‘హరిత’ అంటే ‘హరిత’ అనే రాసి, అది ఏ చట్టం ప్రకారమో మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో చెప్పండి. గాలి, ఎండ మండించే వస్తువులు కావు కనుక వాటిని ‘ఇంధనం’ అనకుండా ‘వనరు’ అనడం మేలు. ‘పునరుత్పాదక వనరుల విద్యుత్తు’ కొంచెం పొడుగైనా అన్నిటికన్నా నిర్దుష్టమైన ప్రయోగం.