పాఠకుల ప్రశ్నలు: మామిడితోటలో బడి పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి చదువుతున్నాడు. ఉదయం ఏడున్నరకు బస్సెక్కితే సాయంత్రం ఐదు దాటాక ఇల్లు చేరతాడు, ఆ తర్వాత హోంవర్కు. ఆదివారం చీకటి పడగానే కడుపునొప్పి అంటాడు. మేము నాలుగు కుటుంబాలవాళ్లం కలిసి, తాడికొండ వైపు మా బంధువుల మామిడితోటలో, పిల్లలు తమకు ఆసక్తి ఉన్నది తమకు కుదిరిన వేళ నేర్చుకునే చిన్న బడి పెట్టుకుందామనుకుంటున్నాం. మా మామగారు మాత్రం చెట్లెక్కడం తప్ప మరేమీ రాకుండా పోతుందని అంటున్నారు. చట్టం దీన్ని ఒప్పుకుంటుందా? చదవడం, రాయడం ఎలా వస్తాయి? పదో తరగతి సంగతేమిటి?

జవాబు: అమ్మా, ముందు ఆ కడుపునొప్పి సంగతి చూడండి. బాబును పిల్లల డాక్టరుకు చూపించి, ఒంట్లో జబ్బేమీ లేదని తేలితే, బడిలో ఎవరైనా కొడుతున్నారా, అందరి ముందు అవమానిస్తున్నారా అన్నది నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలనే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఒక బడిలో పడిన కష్టానికి మందు కొన్నిసార్లు మరో మంచి బడే అవుతుంది. తోటబడిని బాధ నుంచి తప్పించుకునే దారిగా కాక, అది నిజంగా కావాలని కోరుకుని మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఇక చట్టం. 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ చట్టం 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా బడిని స్థాపించకూడదు, నడపకూడదు. నడిపితే లక్ష రూపాయల వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తే రోజుకు పదివేల వరకు జరిమానా ఉంటుంది. పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతుంది కానీ, ఇంటివద్ద చదివించుకునేవారికి అది శిక్షేమీ విధించలేదు. కాబట్టి మీ పిల్లలకు మీరు నేర్పుకోవడం ఒకటి, బోర్డు పెట్టి ఫీజు తీసుకుని ఇతరుల పిల్లలను చేర్చుకోవడం మరొకటి. నాలుగు కుటుంబాలు ఒకచోట చేరడం ఈ రెంటికీ మధ్యన పడుతుంది గనుక మొదలుపెట్టే ముందే ఒక న్యాయవాదిని కలవండి. వెనక్కి వచ్చే దారి మాత్రం మూసుకుపోదు. ఆరేళ్లు దాటి బడి బయట ఉన్న పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, అవసరమైతే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతోంది.

పదో తరగతికి సార్వత్రిక విద్య ఉంది. జాతీయ స్థాయిలో ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ), మన రాష్ట్రంలో ఓపెన్ స్కూల్ సొసైటీ, పద్నాలుగేళ్లు నిండినవారిని పదో తరగతి కోర్సులో చేర్చుకుంటాయి. ఎన్ఐఓఎస్‌లో ఒకసారి చేరితే అయిదేళ్లలో తొమ్మిది విడతలుగా సబ్జెక్టులు పూర్తిచేసుకునే వీలుంది.

మీరు తలపెట్టినది కొత్త విషయం కాదు. టాగూరు 1901లో శాంతినికేతన్‌లో చెట్ల కింద తరగతులు మొదలుపెట్టారు. 1921లో జర్మనీలో ఆరంభమై, తర్వాత ఇంగ్లండుకు మారిన సమ్మర్‌హిల్ బడిలో పాఠానికి రావడం, రాకపోవడం పిల్లల ఇష్టం. అమెరికాలో 1968లో మొదలైన సడ్‌బరీ వ్యాలీ బడిలో టైంటేబులే లేదు. బడి నియమాలను వారం వారం జరిగే సభ నిర్ణయిస్తుంది, అందులో అయిదేళ్ల పిల్లకూ, పెద్దలకూ ఒక్కొక్కటే ఓటు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీని చాలామంది ఇదే కోవలో చేరుస్తారు కానీ అక్కడ తరగతులు, బోర్డు పరీక్షలు ఉన్నాయి. సాయంత్రం పిల్లలంతా మౌనంగా కూర్చుని పొద్దు గుంకడాన్ని చూసే అలవాటును మాత్రం ఏ బడి అయినా నేర్చుకోవచ్చు.

వీటిలో ఎక్కడా స్వేచ్ఛ అంటే పెద్దలు పక్కకు తప్పుకోవడం కాదు. పిల్లవాడు దేని దగ్గర ఆగాడో గమనించి, దానికి కావలసిన వస్తువును, పుస్తకాన్ని, మనిషిని అందుబాటులో ఉంచి, అడిగేదాకా నోరు మెదపకుండా ఉండటం తరగతిలో పాఠం చెప్పడం కన్నా కష్టం. నాలుగు కుటుంబాలలో ఇద్దరు పెద్దలైనా రోజంతా, ఫోను పక్కనబెట్టి, తోటలో ఉండగలరా అన్నది ముందు తేల్చుకోండి. లేకపోతే దయచేసి మొదలుపెట్టవద్దు.

చదువు ఎలా వస్తుందన్నారు. నేను కొన్నేళ్లుగా ఆదివారం ఉదయాలు తాడేపల్లి వైపు కరకట్ట వెంట పిల్లలతో నడుస్తున్నాను. ఏరిన కాయలను, గింజలను అగ్గిపెట్టెల్లో వేసి పేర్లు రాసుకోవడం వాళ్లే మొదలుపెట్టిన పని. ఒకసారి ఆరేళ్ల పాప మేడికాయ పెట్టె మీద 'యేడి' అని రాసింది. నేను దిద్దబోయి ఆగాను. ఇంకో పిల్లవాడు దాన్ని పైకి చదివి, "యేడి ఏమిటి?" అని అడిగాడు. పాప నొసలు చిట్లించి, పెద్ద పిల్లలు రాసిన 'మారేడు' పెట్టెను తెచ్చి పక్కన పెట్టుకుని, వేలితో మ మీద రెండుసార్లు, తన య మీద రెండుసార్లు దిద్ది, "దీనికి ఇక్కడ ఇంకో చుట్టు ఉంది" అని కొట్టివేసి మళ్లీ రాసింది. ఆ తర్వాత ఆ రెండక్షరాల దగ్గర ఆమె తడబడటం నేను చూడలేదు.

అయితే పిల్లలందరికీ ఇలాగే వస్తుందని అనుకుని కూర్చోకండి. ఎనిమిదేళ్లు వచ్చినా, ఇష్టపడి ప్రయత్నిస్తున్నా అక్షరాలు నిలవకపోతే చూపు, వినికిడి పరీక్ష చేయించి, డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందేమో నిపుణులకు చూపించాలి. స్వేచ్ఛ పేరుతో ఆ సాయాన్ని ఆలస్యం చేయడం బిడ్డకు అన్యాయం.

మీ మామగారి మాటను తీసిపారేయకండి. చదువే ఇల్లు నిలబెట్టిన తరానికి ఆ భయం ఉండటం సహజం. ఏ కార్తెలో ఏ విత్తనం వేస్తారో, మామిడికి అంటు ఎలా కడతారో ఆయనకు తెలిసి ఉంటే, మీ బడికి ఆయనే మొదటి గురువు. రోజూ పిల్లవాడు చేసినదాన్ని నోటుపుస్తకంలో రాసిపెట్టే పని కూడా ఆయనకే అప్పగించండి.

ఎండ గురించి ఒక్క మాట. మార్చి నెలాఖరు నుంచి ఉదయం తొమ్మిది దాటితే తోటలో పిల్లలను ఉంచకూడదు. ఆ నెలలకు నీడా, నీళ్లూ ఉన్న గది ఒకటి చూసుకోండి.

ప్రశ్న: విజయవాడ పటమటలో అపార్టుమెంటులో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్థులం, పాపను బడి మాన్పించలేం. ఆదివారం మాత్రం ఖాళీ. ఏం చేయగలం?

జవాబు: చాలా చేయవచ్చు, కానీ వారానికో కొత్తచోటు తిప్పకండి, ఒకేచోటుకు ఏడాది పొడుగునా వెళ్లండి. శీతాకాలంలో గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకు తీసుకువెళితే, పెలికాన్ పిల్ల, అంటే గూడబాతు పిల్ల, తల్లి గొంతు సంచిలోకి తలంతా దూర్చి చేపలు తినడం గట్టు మీద నుంచే కనిపిస్తుంది. అక్కడ మీరు ఏమీ వివరించవద్దు. పాప అడిగితే, జవాబు తెలిసినా, "నువ్వేమనుకుంటున్నావు?" అనండి. కొండపల్లిలో తెల్ల పొనికి కర్రను చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ఏనుగుకు తొండం అతికించేవారి దగ్గర పాపను ఒక పూటంతా కూర్చోనివ్వండి. ఇంటికి రాగానే వ్యాసం మాత్రం రాయించకండి.

ప్రశ్న: పిల్లలను తోటలకు పంపాలంటే పాముల భయం. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

జవాబు: భయం సబబే; మన పొలాల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఉన్నాయి. పాదాలు కప్పే చెప్పులు వేయండి, కట్టెల మోపుల్లో, రాళ్ల సందుల్లో చేయి పెట్టనివ్వకండి, రాత్రి తోటలో ఉండవలసివస్తే నేలమీద పడుకోబెట్టకండి. కాటు పడితే తాడు బిగించవద్దు, కోయవద్దు, నాటు మందుకు పరుగెత్తవద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లండి. మీ తోటకు దగ్గరలో ఆ ఇంజెక్షను ఎక్కడ ఉంటుందో, అక్కడికి ఎంతసేపు పడుతుందో, పిల్లలను మొదటిసారి తీసుకువెళ్లకముందే కనుక్కోండి.