బీరు తయారీ నేర్చుకుంటానంటున్న కొడుకు: ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా నాయన గీత కార్మికుడు. ఆయన తాడిచెట్టు మీంచి పడి నడుము విరిగాక ఆ వృత్తి మా ఇంట్లో ఆగిపోయింది. నేను కిరాణా దుకాణం నడుపుతూ కొడుకును చదివిస్తున్నాను. బాబు నల్లగొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు, వయసు 20. మొన్న హైదరాబాదులో మేనబావ వెంట ఒక మైక్రోబ్రూవరీకి (బీరును అక్కడే కాచి అక్కడే అమ్మే చోటికి) వెళ్లి, అద్దం వెనక స్టీలు ట్యాంకులు చూసి వచ్చినప్పటి నుంచి బీరు తయారీ నేర్చుకుంటానంటున్నాడు. కల్లు పని వద్దనే కదా చదివించింది, మళ్లీ మందు పనిలోకేనా అని నాకు బాధగా ఉంది. అసలు ఇది చదువేనా? దీన్ని నమ్ముకుంటే బతుకుదెరువు ఉంటుందా?

జవాబు: అయ్యా, ఇది చదువే. అందులోని మొదటి పాఠం మీ నాయనగారికి పుస్తకం తెరవకుండానే తెలుసు. తెల్లవారుజామున దించిన నీరా తియ్యగా ఉండి, పొద్దెక్కేకొద్దీ పులిసి కల్లవుతుందనీ, లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులియడం ఆలస్యమవుతుందనీ, కడగని పాత లొట్టిలో పడితే త్వరగా పులుస్తుందనీ గీత వృత్తిలో ఉన్నవారందరికీ అనుభవమే. ఆ మార్పు వెనక ఉన్నది ఈస్ట్ అనే సూక్ష్మజీవి. అది చక్కెరను తిని ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను విడుస్తుంది. పులియడం సూక్ష్మజీవుల పనేనని నిరూపించిన లూయీ పాశ్చర్ 1876లో బీరు మీదే ఒక గ్రంథం వెలువరించాడు. 1883లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. మీ అబ్బాయి కాలేజీ ప్రాక్టికల్స్‌లో పెట్రీ ప్లేటు మీద శుద్ధమైన కల్చర్‌ను వేరుచేస్తూ నేర్చుకుంటున్నది ఆ కోవకు చెందిన పనే.

తయారీ క్రమం కూడా మన వంటిళ్లకు మరీ దూరమైనది కాదు. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించినట్టే బార్లీని మొలకెత్తించి, సరైన దశలో వేడిగాలితో ఆరబెడితే మాల్ట్ అవుతుంది. దాన్ని బరకగా మరపట్టి, సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నీటిలో గంటసేపు ఉంచితే గింజలోని ఎంజైములు పిండి పదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. ఈ వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గితే బీరు పలచబడుతుంది, పెరిగితే చిక్కబడుతుంది. తరువాత ఆ తియ్యని ద్రవాన్ని వడకట్టి, హాప్స్ పూలు వేసి గంట నుంచి గంటన్నర మరిగిస్తే చేదు, వాసన పడతాయి. చల్లార్చి ఈస్ట్ కలిపాక, ఏల్ రకమైతే సుమారు 20 డిగ్రీల దగ్గర, లాగర్ రకమైతే 10 నుంచి 12 డిగ్రీల దగ్గర పులియనిస్తారు. ఏల్ రెండు మూడు వారాల్లో సిద్ధమవుతుంది, లాగర్‌కు నెల దాటుతుంది.

అద్దం వెనక మెరిసే ట్యాంకులను చూసిన కుర్రవాడికి కనిపించనిది మరొకటి ఉంది. ఈ వృత్తిలో పని గంటల్లో ఎక్కువ భాగం కడగడానికే పోతుంది. కాస్టిక్ సోడా ద్రావణంతో, తరువాత ఆమ్లంతో, ఆ తరువాత శుద్ధజలంతో ప్రతి ట్యాంకును, ప్రతి గొట్టాన్ని, ప్రతి వాల్వును కడగాలి. ఒక్క చోట లాక్టోబాసిల్లస్ అనే, పాలను పెరుగు చేసే కోవకు చెందిన బాక్టీరియా మిగిలిపోయినా ట్యాంకు ట్యాంకంతా పుల్లబడి చెడిపోతుంది. పాతిక కిలోల మాల్ట్ బస్తాలు మోయడం, బూట్లలోకి నీళ్లు దిగే నేల మీద రోజంతా నిలబడడం మామూలే. పులిసే ట్యాంకులో పేరుకునే కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువైనది కనుక, జాగ్రత్తలు పాటించకుండా అందులోకి దిగిన మనిషి పాడుబడిన బావిలోకి దిగినవాడిలాగే క్షణాల్లో ఊపిరాడక పడిపోతాడు. ఈ శ్రమ చూసి కూడా అబ్బాయి ఇష్టం నిలబడితే, ఆ ఇష్టాన్ని మీరు గౌరవించాలని నేను మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

మీది మర్రిగూడ మండలం కనుక నీటి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బీరులో తొంభై శాతానికి పైగా నీరే. జిప్సం కలిసిన కఠినజలం వల్ల ఇంగ్లండులోని బర్టన్ పట్టణం చేదైన పేల్ ఏల్‌కు పేరు తెచ్చుకుంది. లవణాలు అతి తక్కువగా ఉన్న మెత్తని నీటి వల్ల 1842లో బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) ప్లజెన్ నగరంలో పిల్స్‌నర్ అనే లేత రంగు లాగర్ బీరు పుట్టింది. ఇప్పుడు ఏ నగరంలోనైనా ఆర్వో యంత్రంతో నీటిని వడగట్టి, కావలసిన లవణాలను తిరిగి కలుపుకుంటారు. నీటిలో ఏముందో తెలియక ఎముకలు వంగిపోయిన తరాలు మీ మండలంలో ఉన్నాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే, నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నీటి పరీక్ష అనే మాట విలువ మీ అబ్బాయికి ఇంకొకరు చెప్పనక్కరలేదు. నీటి రసాయనశాస్త్రం మీద అతడు ఇప్పుడే పట్టు సాధిస్తే అది బ్రూవరీలోనే కాదు, మందుల కంపెనీలోనూ, పాల డెయిరీలోనూ అక్కరకు వస్తుంది.

ఇక బతుకుదెరువు సంగతి. మన దేశంలో మైక్రోబ్రూవరీల విస్తరణ ఈ పదిహేను పదహారేళ్లలో జరిగింది. పుణెలో డూలాలీ 2009లో, బెంగళూరు ఇందిరానగర్‌లో టోయిట్ 2010లో మొదలయ్యాయి. తెలంగాణలో 2015లో నిబంధనలు రావడంతో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు ఇవి వెలిశాయి. అయితే ఒక్కో చోట బీరు కాచేది ఒక ప్రధాన బ్రూవరు, ఒకరిద్దరు సహాయకులు మాత్రమే. బల్లల దగ్గర కనిపించే మందిని చూసి ఉద్యోగాలను లెక్కపెట్టకూడదు. సంగారెడ్డి ప్రాంతంలోని పెద్ద కర్మాగారాల్లో నాణ్యత పరీక్ష, ఉత్పత్తి విభాగాల్లో కొలువులు ఇంతకంటే ఎక్కువగా ఉంటాయి. పైగా ఈ పరిశ్రమ భవితవ్యం ప్రభుత్వ విధానం చేతిలో ఉంటుంది. సీసా బీరును రాష్ట్రంలో టోకున కొనేది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషనే. ధరల పెంపు, బకాయిల విషయమై 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ కొన్నాళ్లు సరఫరానే నిలిపివేసిన సంగతి పత్రికల్లో చూసే ఉంటారు. బిహార్‌లో 2016లో మద్యనిషేధం వచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చి రెండేళ్లు సాగింది. అందుకే బీరు ఒక్కటే తెలిసిన మనిషిగా కాకుండా, పులియబెట్టే శాస్త్రం తెలిసిన మనిషిగా తయారు కమ్మని మీ అబ్బాయికి నా సలహా. 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసిన హెపటైటిస్ బి టీకా కూడా ఒక రకం ఈస్ట్‌లో తయారైనదే. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలకు కావలసినదీ ఫెర్మెంటర్ (పులియబెట్టే ట్యాంకు) నడపగలిగిన, శుభ్రత పాటించగలిగిన చేతులే.

కాబట్టి డిగ్రీ కాగానే ఏదో పబ్బులో సహాయకుడిగా చేరనివ్వకండి. సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాసి మైక్రోబయాలజీలో గానీ బయోటెక్నాలజీలో గానీ ఎమ్మెస్సీ చేయడం ఒక దారి. నేరుగా ఈ రంగానికే వెళ్లాలనుకుంటే పుణెలోని వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైన్, బ్రూయింగ్, ఆల్కహాల్ టెక్నాలజీలో ఎమ్మెస్సీ ఉంది. కాన్పూర్‌లోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెర్మెంటేషన్, ఆల్కహాల్ టెక్నాలజీలో పీజీ డిప్లొమా ఉంది. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిల్లింగ్ అనే పేరుతో చాలాకాలంగా తెలిసిన లండన్ సంస్థ పెట్టే జనరల్ సర్టిఫికెట్ పరీక్షకు ఉద్యోగం చేసుకుంటూనే చదువుకోవచ్చు. అనుభవం పెరిగాక డిప్లొమా, మాస్టర్ బ్రూవర్ స్థాయిలకు వెళ్లవచ్చు. ఎడిన్‌బరోలోని హెరియట్ వాట్, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయపు వైహెన్‌స్టెఫాన్ ప్రాంగణం ఈ విద్యకు ప్రపంచంలో పేరున్న చోట్లు. ఇప్పుడే అప్పు చేసి అక్కడికి పంపమని మాత్రం నేను చెప్పను. ఇక్కడ మూడు నాలుగేళ్లు పని చేసిన తరువాత ఆలోచించవలసిన సంగతి అది.

మీ బాధను నేను చిన్నదిగా చూడడం లేదు. ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎన్ని ఇళ్లను కూల్చిందో మీరు దగ్గర నుంచి చూసినవారు. బ్రూవరీలో జరిగే తయారీలో కొలత, పరీక్ష, లిఖిత నమోదు ఉంటాయన్న భేదం నిజమే అయినా, బీరూ మద్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో 1988లోనే చేర్చింది. బ్రూవరు రోజూ రుచి చూడవలసి ఉంటుంది, చేతికందే దూరంలో ట్యాంకు ఉంటుంది. మీ కుటుంబంలో తాగుడుకు బానిసైన మనిషి ఎవరైనా ఉండి ఉంటే ఆ సంగతిని అబ్బాయితో దాపరికం లేకుండా మాట్లాడి, అప్పుడు నిర్ణయం తీసుకోండి. తెలంగాణలో మద్యం తాగడానికి చట్టం పెట్టిన వయసు 21 కనుక అతడు ఇప్పుడు రుచి చూడవలసిన అవసరమూ లేదు, చూడకూడదు కూడా.

చూడవలసింది పనిని. సాయంత్రం దీపాల వెలుగులో కాకుండా, విభాగాధిపతి సంతకంతో ఉత్తరం తీసుకుని, ముందుగా అనుమతి అడిగి, బీరు కాచే రోజు ఉదయం హైదరాబాదులోని రెండు మూడు మైక్రోబ్రూవరీలకు వెళ్లమనండి. వీలైతే బెంగళూరులో ఒకటి రెండు చూడడం మంచిది, అక్కడ చాలాకాలంగా పని చేస్తున్న బ్రూవర్లున్నారు. ట్యాంకుల మెరుపును కాక నేల మీది కాలువను, వాల్వుల అడుగు భాగాలను చూడమనండి. ఈస్ట్‌ను ఎన్ని తరాలు తిరిగి వాడుతున్నారు, నీటి నివేదిక ఎక్కడుంది, చెడిపోయిన బీరును ఎప్పుడైనా పారబోశారా, వడకట్టాక మిగిలిన పిప్పిని పశువుల దాణాకు ఎవరు తీసుకెళ్తున్నారు అని అడగమనండి. బీరు పారబోసిన రోజు గురించి దాచకుండా చెప్పే బ్రూవరు దొరికితే, సెలవుల్లో ఒక నెల జీతం లేకుండానైనా అతని దగ్గర ట్యాంకులు కడగనివ్వండి.

ఒక చోటికి మీరూ వెంట వెళ్లండి. నీరా పులిసే తీరు గురించి మీ నాయనగారి దగ్గర విన్నదంతా ఆ బ్రూవరుతో మీరు చెబుతుండగా అబ్బాయిని పక్కన కూర్చుని రాసుకోమనండి. సీపీగెట్ నోటిఫికేషన్ వచ్చేలోగా ఆ కాగితాలు నాకు పంపితే, ఏ కోర్సుకు దరఖాస్తు చేయాలో వాటిని చూసి మళ్లీ రాస్తాను.