గేర్ లీవర్‌కి గేట్ ప్లేట్: కొనేముందు ఇవి చూసుకోండి

పాత ఫెరారీల్లో, మొదటి తరం ఆడి ఆర్8లో ఉన్నట్టు ప్రతి గేరుకీ లీవర్ కదిలే దారిగా గాళ్లు కోసిన మెటల్ ప్లేటు (గేట్) మీ మాన్యువల్ స్పోర్ట్స్ కారుకి పెట్టొచ్చా, పెడితే గేర్లు తేలిగ్గా పడతాయా అని అడిగారు. పెట్టొచ్చు. నా పోర్షే బాక్‌స్టర్‌కి (986 మోడల్, 5 గేర్లది) పెట్టాను, తీసే ఆలోచనే లేదు. కానీ తేలిగ్గా పడటం కోసమైతే వద్దు. గేర్‌బాక్స్ లోపల ఏమీ మారదు, పైగా మొదట్లో చెయ్యి నెమ్మదిస్తుంది. లీవర్ గాడి అంచుకి తగిలి టక్కుమనే ఆ శబ్దం, చేతికి తెలిసే ఆ బిగువు ఇష్టమైతేనే పెట్టుకోండి. నాకు అదంటే ప్రాణం.

ముందు మీ లీవర్ దేనికి బిగించి ఉందో చూడండి. బాక్‌స్టర్‌లో ఇంజను వెనక ఉంటుంది, గేర్లు కేబుళ్లతో పడతాయి, లీవర్ బాక్సు కారు ఫ్లోర్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ప్లేటు, లీవర్ రెండూ ఒకే చోట కదలకుండా ఉంటాయి. అదే లీవర్ నేరుగా గేర్‌బాక్స్ మీద కూర్చునే కార్లలో (మాజ్డా ఎంఎక్స్-5 లాంటివి) యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా గేర్‌బాక్స్‌తో పాటు లీవర్ కూడా కాస్త కదులుతుంది. ప్లేటుని కన్సోల్‌కి బిగిస్తే రాపిడి తప్పదు, గేర్‌బాక్స్‌కే బ్రాకెట్ వేసి దాని మీద పెట్టించుకోవాలి.

కేబుల్ చివర్లలో బుష్‌లు (లీవర్‌తో కలిసే చోట ఉండే చిన్న రింగులు) అరిగి ఉంటే ముందే మార్చేయండి, కేబుల్ అడ్జస్ట్‌మెంట్ కూడా అప్పుడే. న్యూట్రల్‌లో లీవర్ వదిలేస్తే స్ప్రింగ్ దాన్ని 3-4 గాడికి ఎదురుగా తెచ్చి ఆపుతుంది, ప్లేటు మధ్య గాడి సరిగ్గా అక్కడికి రావాలి.

అన్నిటికన్నా ముఖ్యం గాడి చివర ఖాళీ. ఇంజను ఆపి, క్లచ్ తొక్కి, ప్రతి గేరూ చివరిదాకా వేయండి. లీవర్‌ని ఆపాల్సింది గేర్‌బాక్స్, ప్లేటు కాదు. నేను ప్రతి గాడి చివరా 2 మి.మీ. దాకా ఖాళీ ఉంచాను, 2, 4 గేర్ల దగ్గర చాలకపోతే ప్లేటు విప్పి ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీశాను. ఆ ఖాళీ లేకపోతే సింక్రో స్లీవ్ (గేర్‌బాక్స్ లోపల జారుతూ గేరుని పట్టి ఉంచే రింగు) గేరు పళ్ల మీదికి పూర్తిగా ఎక్కదు, యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో గేరు జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది, అలాగే నడిపితే పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, చివరికి గేర్‌బాక్స్ విప్పించాలి. రివర్స్‌కి లీవర్‌ని కిందికి నొక్కాల్సిన కారైతే, నొక్కినప్పుడు నాబ్ ప్లేటుకి తగలకుండా చూసుకోండి.

2 నుంచి 3కి మారేటప్పుడు ఐమూలగా తోయొద్దు. 2లోంచి న్యూట్రల్‌లోకి నెట్టి పట్టు వదులు చేస్తే స్ప్రింగే మధ్యకి తెస్తుంది, అప్పుడు ముందుకి నెట్టండి. ఇంకోటి, ప్లేటు కింద పాత రబ్బరు బూట్ పీకేయకండి, గాళ్లలోంచి పడే దుమ్ము, నీళ్లు లీవర్ పివట్‌లోకి (లీవర్ తిరిగే కీలులోకి) పోకుండా ఆపేది అదే.