కర్ర ఎప్పుడిస్తారు?

ప్రశ్న: మా పాపకి పదకొండేళ్లు. సరదాపడిందని దగ్గర్లో కళరి, అదే కేరళ యుద్ధవిద్య కళరిపయట్టు, నేర్పేచోట చేర్పించాం. నాలుగు నెలలైంది. కాళ్లు పైకి విసరడం, వంగడం, లేవడం, ఇంతే. పక్క వీధిలో తమిళుల కర్ర విద్య, సిలంబం క్లాసులో పిల్లలు వారం తిరక్కుండానే కర్ర తిప్పుతున్నారు. "ఆడపిల్లకి అసలెందుకు? నేర్పితే మన కర్రసాములాంటిదైనా నేర్పండి, ఈ కసరత్తుకి డబ్బులు దండగ" అంటున్నారు మా అత్తగారు. మోసపోయామంటారా?
ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: లేదమ్మా. మీరు చెప్పినదాన్నిబట్టి అది వడక్కన్, అంటే ఉత్తర కేరళ పద్ధతి. అందులో ముందు మెయ్‌పయట్టు, ఒళ్లు లొంగదీసే సాధన. తర్వాత కోల్‌తారి, అంటే కర్రలు. ఆపైన అంగతారి: కత్తి, డాలు, కొరడాలా వంగే పల్చటి కత్తి ఉరుమి. ఒట్టి చేతుల పోరు అన్నిటికీ ఆఖరున. తెక్కన్‌లో, అదే కన్యాకుమారి వైపు పద్ధతిలో, ఇది తిరగబడుతుంది. ఒట్టి చేతులతోనే మొదలు. అక్కడ గురువుని గురుక్కళ్ అనరు, ఆశాన్ అంటారు. మూలపురుషుడిగా వడక్కన్ వాళ్లు పరశురాముడి పేరు చెబుతారు, తెక్కన్ వాళ్లు అగస్త్యుడి పేరు. సిలంబం సంగతి వేరు, దానికి కర్రే ప్రాణం. మన కర్రసాముకి దగ్గరి చుట్టం అదే, అక్కడ మాత్రం మీ అత్తగారి మాట నిజం.

నేను ముప్ఫై నాలుగో ఏట కోడంబాక్కంలో చేరాను. అసలు కళరి అంటే సాధన చేసే చోటు, నేలలోకి తవ్విన 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు గొయ్యి. మాకు దొరికింది రేకుల కప్పేసిన డాబా! మూడు నెలలు నేర్‌కాల్, అంటే మోకాలు వంచకుండా కాలు తలదాకా విసరడం. కాలు అరచేతికి తగిలిందని నేను మురిసిపోతుంటే, గురుక్కళ్ ఆ చెయ్యి వైపే చూసేవారు కాదు. నేలమీదున్న రెండో కాలి మడమ చూసేవారు. అది చింతగింజంత లేచినా "మళ్లీ" అనేవారు. నాకు ఒళ్లు మండేది. తీరా కర్ర చేతికొచ్చిన రోజు, ఎదుటి దెబ్బకి వెనక్కి జరగబోయి మడమ లేపాను. తూలాను. దెబ్బ వేళ్ల కణుపుల మీద పడింది. వారం రోజులు పప్పు గుత్తి పట్టలేకపోయాను.

అందుకని శనివారం వెళ్లి ఓ గంట కూర్చోండి. మాస్టారు పిల్లల పాదాలు చూస్తున్నారా, ఫోన్ చూసుకుంటూ వాయ్‌తారి (కదలికలకి నోటితో చెప్పే ఆదేశాలు) అరుస్తున్నారా గమనించండి. రెండోదైతే వెంటనే మాన్పించండి, ఏ పద్ధతైనా సరే. పాప మనసంతా కర్ర మీదే ఉంటే సిలంబంలోనే వెయ్యండి, అదేం తక్కువది కాదు. ఉరుమి మాత్రం ఈ వయసులో ఎవరిచ్చినా వద్దనండి.

ఇక "ఆడపిల్లకెందుకు" అన్న అత్తగారికి, కేరళలోని వడకర మీనాక్షి అమ్మగారి గురించి చెప్పండి. ఏడేళ్లప్పుడు కళరిలో అడుగుపెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, అప్పటికి డెబ్భై దాటినా పిల్లలకి నేర్పుతూనే ఉన్నారు.

అన్నట్టు పాప పట్టీలు తీసేసి పంపండి. నావి రెండోరోజే తెగాయి.